ఎడమ మీసం

మా ఐసీయూలో నా బల్ల సొరుగులో ఒక చేతి అద్దం ఉంటుంది. రేకు చట్రం. వెనక పక్క ఎర్ర రంగు సగం ఊడిపోయింది. పిడి విరిగితే తెల్ల ప్లాస్టరు చుట్టారు. కొత్తగా చేరిన నర్సమ్మాయిలు అది నాదే అనుకుంటారు. ఇన్‌ఛార్జి సిస్టరుకి ఈ వయసులో సోకులేంటని వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీలే అని ఊరుకుంటాను.

పోయిన నెల మాకు ట్రైనింగ్ ఇవ్వడానికి ఒక డాక్టరమ్మాయి పెద్ద సిటీ నుంచి రాజమండ్రి వచ్చింది. గుండె ఆపరేషను తర్వాత పేషెంట్లకి మతి చెదరకుండా ఎలా చూసుకోవాలన్నది విషయం. ఇది మాకు కొత్తేమీ కాదు. ఆపరేషనయిన రెండో రోజో మూడో రోజో కొంతమందికి, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళకి, ఎక్కడున్నారో తెలియదు. పగలో రాత్రో తెలియదు. గొట్టాలు పీక్కుంటారు, సొంత పెళ్ళాన్ని పట్టుకుని నువ్వెవరంటారు. డెలీరియం అంటాం. చాలామందికి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఆ మరక పూర్తిగా పోదు.

ఆ అమ్మాయి ఓపిగ్గా ఒక్కొక్క బొమ్మే తెర మీద వేసి చెప్పింది. పేషెంటు కళ్ళజోడు పేషెంటుకి ఇచ్చెయ్యాలి. వినికిడి మిషను పెట్టాలి. గడియారం కనపడాలి. పగలు వెలుతురు పడాలి. వీలైనంత తొందరగా లేపి కూర్చోబెట్టాలి. నిద్ర మందులు తగ్గించాలి. ఇంటివాళ్ళు వచ్చి మాట్లాడాలి. చివరి బొమ్మలో ఒక చేతి అద్దం కనపడేసరికి నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న ముసలి ఆయా అయితే చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైంది మేడమ్?" అంది ఆ పిల్ల కంగారుగా.

"ఏం లేదమ్మా. నువ్వు చెప్పినవాటిలో సగానికి పైన మా దగ్గర పెట్టింది డాక్టర్లు కాదు, నేనూ కాదు. మా బార్బరు" అన్నాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టు పోయి ఏడాది దాటింది. ఆయన గురించి ఆ పూట చెప్పింది సరిపోలేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పెద్ద డాక్టరు గారి నుంచి లిఫ్టు నడిపే ఆయన దాకా అందరూ బాబాయ్ అనేవాళ్ళు. పొట్టి మనిషి. తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో దువ్వెన, చెవి మీద పెన్సిలు ముక్క. ఆపరేషనుకి ముందు రోజు పేషెంటు ఛాతీ మీదా కాళ్ళ మీదా వెంట్రుకలు తియ్యడం ఆయన పని. రేజరు పెడితే గాట్లు పడి చీము పడుతుందని కత్తి మాన్పించి కరెంటు క్లిప్పరు ఇచ్చారు. "నా కత్తికి రిటైర్మెంట్ ఇచ్చేసేరండి, నాకింకా ఇవ్వలేదు" అనేవారు.

క్లిప్పరుతో అదంతా పావుగంట పని. ఆయనకి గంటన్నర పట్టేది. ఆలస్యమెందుకయ్యా అని నేను చాలాసార్లు తలుపు దగ్గర నిలబడి విన్నాను. చేతులు పని చేస్తుంటే నోరు వివరాలు లాగుతూ ఉండేది. ఏ ఊరండి తమరిది, ఎన్నింటికి లేస్తారండి, లేవగానే కాఫీనా టీనా, ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారండి. ఆఖర్న మూడు వేళ్ళు చూపించేవారు.

"కన్ను, పన్ను, చెవి. ఈ మూడిట్లో మీవి కానివేంటో చెప్పండి బాబుగారు."

కళ్ళజోడుందా, కట్టుడు పళ్ళున్నాయా, చెవి మిషనుందా అని దాని అర్థం. ఉన్నవాటిని గుడ్డసంచిలో వేసి, సంచి మీద ప్లాస్టరు అంటించి, పేరూ ఊరూ రాసి, ఐసీయూ తలుపు దగ్గర నా చేతికి ఇచ్చేవారు. నేను దాన్ని బీరువాలో పడేసేదాన్ని. పోతాయేమోనన్న భయంతో పేషెంటు వస్తువులన్నీ బీరువాలో దాచి తాళం వెయ్యడం అప్పట్లో మా పద్ధతి. కళ్ళు కనపడక, చెవులు వినపడక, బోసినోటితో మనిషి మంచం మీదుంటే, మేం వెళ్ళి "ఎలా ఉందండీ?" అని అడిగేవాళ్ళం. ఆయన తెల్లమొహం వేస్తే మతి చెదిరిందని కాగితం మీద రాసుకునేవాళ్ళం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆపరేషనయిన రెండో రోజు పొద్దున ఆరున్నరకి గడ్డం గియ్యడానికి ఐసీయూలోకి వచ్చేవారు. వస్తూనే ముందు కిటికీ తెర లాగేవారు. మా కిటికీలోంచి గోదావరి గట్రా ఏమీ కనపడదు. పక్క బిల్డింగు మీద నీళ్ళ ట్యాంకు కనపడుతుంది. ఆయనకి అదే చాలు.

"తెల్లారిందండోయ్! ఇవాళ గురువారమండి! కాలవలకి నీళ్ళు వదిలేరండి!"

ఒక రోజు కాలవ నీళ్ళు, ఒక రోజు అన్నవరం కొండ మీద వ్రతాల రద్దీ, ఒక రోజు పోలవరం దగ్గర వాన. పేపరంతా చదివినట్టు చెప్పేవారు. ఐసీయూలో ఈ కేకలేంటని నేను కసురుకునేదాన్ని. "మాసిన గడ్డం రోజులు మరిపిస్తుంది సిస్టరమ్మా. గడ్డం గీసుకున్నోడికి ఇవాళ ఏ వారమో తెలవాలి కదండి" అనేవారు. నేనెంత కసిరినా ఆయన గొంతు లేచేది కాదు, పని ఆగేది కాదు.

పేషెంటు మీద చెయ్యి వేసే ముందు ఆ చెయ్యి కళ్ళెదురుగా పెట్టి చూపించేవారు. "ఆకివీడు బాబుగారండీ, నేనండి, మొన్న క్లిప్పరు వేసినోణ్ణి. చెయ్యి వేస్తున్నానండి." ఆ పని అయ్యాక మొహం తుడిచి, అద్దాన్ని చొక్కాకి రుద్ది, పేషెంటు ముందు పట్టుకునేవారు. "సరిపోయిందా అండి?" అని అడిగి, చేతులు కదలకుండా, ఎంతసేపైనా నిలబడేవారు.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఆయన పనితనం మీద నాకు పెద్ద ఫిర్యాదు ఉండేది. మీసం సరిగ్గా దిద్దడం వచ్చేది కాదు. ఊపిరి గొట్టం తీసేశాక, దాన్ని అంటించిన ప్లాస్టరు జిగురు మీసానికి పట్టుకుని ఉంటుంది. అది కత్తిరించక తప్పదు. ఈయన కత్తిరిస్తే ఎడమవైపు ఎప్పుడూ కొంచెం పొట్టిగా వచ్చేది. పేషెంటు చూసుకుని "ఇదేంటయ్యా" అంటే అప్పుడు రెండో పక్క సరిచేసేవారు. పేషెంటు చూసుకోకపోతే నేను చూసి చివాట్లు పెట్టేదాన్ని. ఒకటి రెండుసార్లు మేనేజరు గారికి కాగితం కూడా పెట్టాను, చేతిపనిలో శ్రద్ధ లేదని. ఆడ పేషెంట్లకి తల దువ్వి బొట్టు పెట్టే ఆయా కూడా ఇలాగే ఉండేది. ఎంత చెప్పినా బొట్టు నడినుదుట పెట్టేది కాదు, ఓ పక్కకి జరిపేది. ఇద్దరికీ ఒకేసారి కళ్ళజోడు రాయించాలని విసుక్కునేదాన్ని.

చివాట్లు తిని పెట్టె సర్దుకుంటూ ఆయన ఒక్కోసారి మెల్లిగా అనేవారు. "మూడో బెడ్డు ఆయన్ని ఓ కంట కనిపెట్టండి సిస్టరమ్మా."

"ఏం? ఆయన బుద్ధిగా పడుకునే ఉన్నాడుగా?"

"అందుకేనండి. అల్లరి చేసేవోణ్ణి అందరూ చూస్తారు. చప్పుడు చెయ్యనోణ్ణి ఎవరు చూస్తారండి?"

"నువ్వు గడ్డాలు చూసుకో బాబాయ్. రోగాలు మేం చూసుకుంటాం."

సాయంత్రానికి మూడో బెడ్డు ఆయన గోడ మీద చీమలు పాకుతున్నాయని ఏరడం మొదలుపెట్టేవాడు. బాబాయ్ నోటి మాటలో ఏదో మహిమ ఉందనుకున్నానే గానీ, ఆయన చేతి పనిలో ఏముందో నాకు తట్టలేదు.

ఒక రొయ్యల రైతు వచ్చేదాకా నేను మారలేదు. కైకలూరు వైపు మనిషి, నిబ్బరమైనవాడు. ఆపరేషనయిన మర్నాడు మధ్యాహ్నం నాలుగింటికి, అందరం చూస్తుండగా, చేతికున్న సూది పీకి, మంచం కమ్మీలు దాటబోయాడు. "ఏరియేటర్లు ఆగిపోయాయిరా! జనరేటర్ వెయ్యండిరా!" అని ఒకటే కేకలు, రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషన్లు ఆగిపోయాయన్నట్టు. నలుగురం పట్టుకున్నాం. చేతులు మంచానికి కట్టేశాం, నిద్ర ఇంజెక్షను ఇచ్చాం. మర్నాడూ అదే వరస. కట్లు విప్పితే చాలు, చెరువు దగ్గరికి బయల్దేరడమే.

ఆ రోజు బాబాయ్ గడ్డం గియ్యడానికి వచ్చి, గియ్యకుండా మంచం పక్కన తల వంచి నిలబడ్డారు. మందు ఎక్కించే పంపు కూసింది, మందు అయిపోయిందని. ఆ మనిషి ఒళ్ళంతా బిగుసుకుంది. నేను వెళ్ళి పంపు ఆపాను. మనిషి వదులయ్యాడు.

"విన్నారా సిస్టరమ్మా?" అన్నారు బాబాయ్. "మా బావమరిది చెరువు కాడ కరెంటు పోతే అలారం అచ్చం ఇలాగే కూస్తదండి. ఆయన పిచ్చి మాట్లాడట్లేదండి. గంట ఆలస్యమైతే గాలందక పంటంతా చచ్చి తేలిపోతాదని లేస్తన్నాడండి. మనం కట్టేసేవండి."

నేను రొయ్యల రైతు కూతుర్ని. భీమవరం దగ్గర మా నాన్న రెండెకరాల చెరువు గట్టు మీద ఆ కూత వింటూ పెరిగాను. ఆ కూత వినపడితే అన్నం కంచం ముందు నుంచి నాన్న లేచి పరుగెత్తడం వందసార్లు చూశాను. అలాంటిదాన్ని, అదే కూత రోజూ ఐసీయూలో వింటూ, ఒక్క రోజు కూడా గుర్తుపట్టలేదు. తెల్లకోటు వేసుకుంటే చెవులు కూడా మారిపోతాయి కాబోలు. ఆ రోజు కట్లు విప్పించి, పంపు కూత తగ్గించి, బీరువా తాళం తీసి, ఆయన కళ్ళజోడు ఆయనకి పెట్టించాను. ఆయన భార్యని లోపలికి పిలిచి, ఏరియేటర్లు తిరుగుతున్నాయని ఆవిడ చేతే చెప్పించాను. మూడో నాటికి మనిషి దారికొచ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అదే ఆఖరు కావాలని గట్టిగా అనుకున్నాను. సంచులు బీరువాలోంచి మంచాల మీదికి వచ్చాయి. గోడ గడియారం పేషెంటుకి కనపడే గోడకి మారింది. చీకటి పడితే లైట్లు తగ్గించడం మొదలైంది. పెద్ద డాక్టరు గారితో మాట్లాడి, ఇంటివాళ్ళని పొద్దున అరగంట, సాయంత్రం అరగంట లోపలికి రానిచ్చాం. బాబాయ్ అయితే ఇంకో అడుగు ముందుకేశారు. ఆపరేషనుకి ముందు రోజు పేషెంటుకి గౌనూ టోపీ వేసి, ఐసీయూ గుమ్మం దాకా తెచ్చి, లోపలి చప్పుళ్ళన్నీ వినిపించి పరిచయం చేసేవారు, పెళ్ళికొచ్చిన చుట్టాలని పరిచయం చేసినట్టు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా నాన్నకే అవసరం పడింది. గుండె రక్తనాళాలు మూడు మూసుకుపోయాయి. బైపాసు తప్పదన్నారు. నాన్న ఎనిమిది నెలలు తప్పించుకు తిరిగారు. చివరికి ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేని స్థితిలో తీసుకొచ్చి చేర్పించాను. అయినా కాగితం మీద సంతకం పెట్టనని కూర్చున్నారు.

కారణం నాకు తెలుసు. మా పెదనాన్నకి చాలా ఏళ్ళ కింద ఎక్కడో సిటీలో ఇదే ఆపరేషను జరిగింది. గుండె బ్రహ్మాండంగా బాగుపడింది. మనిషి మాత్రం వెనక్కి రాలేదు. నాన్న చూడటానికి వెళితే, చేతులు మంచానికి కట్టేసి ఉన్న పెదనాన్న, తను ఎత్తుకు పెంచిన తమ్ముణ్ణి చూసి, "ఎవరండీ తమరు?" అన్నారట. ఇంటికొచ్చాక కూడా ఆ చూపు పూర్తిగా పోలేదు. పెదనాన్న పోయింది ఆ తర్వాత ఆరేళ్ళకి. నాన్న లెక్కలో మాత్రం ఆ రోజే పోయారు.

"గుండె బాగుచేసి వేరే మనిషిని ఇంటికి పంపిస్తానంటే నాకొద్దే" అన్నారు నాన్న.

"ఏం కాదు నాన్నా. నేనున్నానుగా, ఊరికే భయపడకు."

"మీ పెదనాన్నకీ ఇదే చెప్పారు. ఏం కాదని."

 బయటికొచ్చి వరండాలో ఏడ్చాను. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ గుండెలకి కాపలా కాస్తూ, కన్నతండ్రిని ఒప్పించలేకపోయాను. బాబాయ్ ఎటునుంచి చూశారో, పెట్టె పట్టుకుని నాన్న గదిలోకి వెళ్ళారు. జుట్టు కత్తిరిస్తానని వంకట.

గంట తర్వాత నేను వెళ్ళేసరికి నాన్న మెడ చుట్టూ తువ్వాలు ఉంది, ఒళ్ళో సంతకం పెట్టిన కాగితం ఉంది.

"ఎలా ఒప్పుకున్నావు నాన్నా?"

"నువ్వు ఇన్నేళ్ళ నర్సువి, ఏం కాదన్నావు. ఈయన అవుతుందన్నాడు. అందుకని పెట్టాను."

నేను బాబాయ్ వైపు కళ్ళెర్రజేశాను. ఆయన తువ్వాలు దులుపుతూ తాపీగా చెప్పారు. "అబద్ధం ఎందుకండి? కొందరికి వస్తది. వస్తదని తెలిస్తేనే కదండి కాపలా కాసేది. చెరువుకి కాపలా లేకుండా వదిలేస్తారేంటండి ఈయన?"

"లెస్స పలికాడు" అన్నారు నాన్న.

సోమవారం సాయంత్రం క్లిప్పరు పని మొదలైంది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. బాబాయ్ కాళ్ళ మీద వెంట్రుకలు తీస్తూ నాన్నకి పాఠం అప్పజెప్పించుకుంటున్నారు. అప్పటికే గుమ్మం దగ్గర చప్పుళ్ళ పరిచయం అయిపోయింది.

"పంపు కుయ్యిమంటే ఏంటండి?"

"మందు అయిపోయిందని."

"మరి కరెంటు పోలేదా అండి?"

"పోలేదు. అది నా చెరువు కాదు."

"ఎవరు చూసుకోవాలండి?"

"సిస్టరు చూసుకుంటుంది."

"తమరు లేవాలాండి?"

"అక్కర్లేదయ్యా. ఎన్నిసార్లు చెప్పిస్తావు?"

"ఇంకో నాలుగుసార్లండి." మా అమ్మని కూడా వదల్లేదు. లోపలికి వచ్చినప్పుడు ఏడవకండమ్మా, మేత ఎలా తింటున్నాయో, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఆ కబుర్లు చెప్పండి అని నేర్పించారు. వెళ్ళబోతూ నాన్న మీసం కేసి చూసి, "గురువారం పొద్దున్న వస్తానండి. అప్పటిదాకా దీన్ని ముట్టుకోనండి" అన్నారు. నాన్న మీసం మా ఊళ్ళో పేరు మోసింది. గట్టు మీద నడుస్తుంటే మనిషి కన్నా ముందు అదే కనపడేది.

మంగళవారం ఆపరేషను బాగా జరిగింది. బుధవారం పొద్దున గొట్టం తీశారు. తీసిన నిమిషంలో నేను కళ్ళజోడు పెట్టాను, కాసేపాగి కట్టుడు పళ్ళు పెట్టాను. కిటికీ పక్క మంచమే ఇప్పించాను. మా నాన్నకి నేనే డ్యూటీ చెయ్యకూడదని తెలుసు. డ్యూటీ వేరే అమ్మాయిదే. కానీ నేను ఆ గది వదల్లేదు. అమ్మ వచ్చి మేత కబుర్లు చెప్పి వెళ్ళింది. నాన్న ఊఁ కొట్టారు. ఆ ఊఁ వెనక మనిషి ఉన్నారో లేదో నాకు తెలియలేదు. మగతలో ఉన్నారు. కళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఒకసారి పైకప్పు మీద వల ఆరేశారేంటి అని గొణిగారు. 

మధ్యాహ్నం నాలుగింటికి, పక్క మంచం పంపు కూసింది.

నాన్న కళ్ళు తెరుచుకున్నాయి. తల లేచింది. కుడిచెయ్యి దుప్పట్లోంచి వచ్చి కమ్మీని పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు. అన్నం ముందు నుంచి లేచే పట్టు అది. వెళ్ళి ఆపాల్సినదాన్ని, నిలబడిపోయాను. పెదనాన్న కట్లే కళ్ళ ముందు కనపడ్డాయి.

నాన్న కమ్మీ పట్టుకుని పంపు వైపు చూశారు. పెదాలు కదిలాయి. దగ్గరికి వంగితే వినపడింది.

"నా చెరువు కాదు... సిస్టరు చూసుకుంటుంది."

చెయ్యి కమ్మీని వదిలేసింది. తల దిండు మీదికి వాలింది. వాలాక నా మొహం కేసి చూశారు.

"చూసుకోవే మరి! అలా నిలబడ్డావేంటి?"

పంపు ఆపాను. ఆపి, మందుల బల్ల వైపు తిరిగి నోరు మూసుకుని ఏడ్చాను. డ్యూటీలో ఉన్న అమ్మాయి పాపం నాకేదో అయిందనుకుని కుర్చీ తెచ్చింది. నాకేమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఐసీయూలో ఏమీ జరగకపోవడం ఎంత గొప్ప సంగతో అన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి తెలిసింది.

గురువారం పొద్దున ఆరున్నరకి తెర లాగిన చప్పుడు.

"తెల్లారిందండోయ్! గురువారమండి! భీమవరం బాబుగారండీ, మాట ప్రకారం వచ్చేనండి."

ఆ పూట నాన్నని కుర్చీలో కూర్చోబెట్టాం. బాబాయ్ చెయ్యి చూపించి, చెప్పి, గడ్డం గీశారు. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. మీసానికి పట్టిన జిగురు కత్తిరించారు. అప్పుడూ మాట్లాడలేదు. నిన్న మధ్యాహ్నం మాట్లాడిన మనిషి పొద్దున్నే ఇలా అయ్యాడేంటని నాకు దడ పట్టుకుంది. ఈ జబ్బు తంతే అది, వస్తూ పోతూ ఉంటుంది. పొద్దున ఉన్న మతి సాయంత్రం ఉండదు. చప్పుడు చెయ్యనివాణ్ణే చూడాలని బాబాయ్ అనేమాట గుర్తొచ్చింది.

బాబాయ్ అద్దం చొక్కాకి రుద్ది నాన్న ముందు పట్టుకున్నారు. "సరిపోయిందా అండి?"

నాన్న అద్దంలోకి చూశారు. చూస్తూనే ఉన్నారు. గడియారం ముల్లు నడవడం నాకు వినపడుతోంది. అద్దంలో ఉన్నది ఎవరో తెలియనట్టు కళ్ళు చిట్లించారు. ఇప్పుడు నా వైపు తిరిగి ఎవరండీ తమరు అంటారు, అయిపోయింది అనుకున్నాను. బాబాయ్ మాత్రం కదల్లేదు. 

నాన్న వేలు మెల్లిగా పైకి లేచింది. ఎడమ పక్క మీసం తడిమింది. కుడి పక్క తడిమింది. మళ్ళీ ఎడమ పక్కకి వచ్చింది.

"ఏంటయ్యా ఇది? ఎడమ పక్కన కోసి పారేశావు! నలభై ఏళ్ళు పెంచానయ్యా దీన్ని!"

బాబాయ్ మొహం వెలిగిపోయింది. అద్దం దించి, నా వైపు తిరిగి, గదంతా వినపడేలా చెప్పారు.

"సిస్టరమ్మా! నాన్నగారు వచ్చేసేరండి!"

నాకు సంతోషమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. సంతోషం నాన్నని చూసి, కోపం బాబాయ్ మీద. "ఎన్నిసార్లు చెప్పాను బాబాయ్ ఆ ఎడమ పక్క సరిగ్గా చూసుకోమని? కనీసం మా నాన్నకైనా శ్రద్ధగా చెయ్యకూడదా?" అని అరిచాను. మూల నిలబడ్డ ఆయా కిసుక్కున నవ్వింది. బాబాయ్ కత్తెర తుడుచుకుంటూ తలొంచుకున్నారు.

"నలభై ఐదేళ్ళ చెయ్యండి ఇది. పెళ్ళికొడుకులకి మీసం దిద్దిన చెయ్యండి. తిన్నగా కత్తిరించడం దీనికి అలవాటైపోయిందండి. వంకరగా కత్తిరించడమే చానా కష్టమండి."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఆయనే విడమరిచారు.

"పేరేంటి, ఊరేంటి అంటే మతి లేనోడు కూడా అలవాటు మీద చెప్పేస్తాడండి. తన మీసం వంకర కనిపెట్టాలంటే మనిషి లోపల ఉండాలండి. కనిపెట్టినోడికి రెండో పక్క సరిచేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను. కనిపెట్టనోడి సంగతి మీకు చెప్తాను."

"మరి బొట్టో?" అన్నాను ఆయా వైపు చూసి.

"బాబాయే చెప్పేడమ్మా" అంది ఆయా. "మతి నిలకడగా ఉన్న ఆడమనిషి అద్దం చూడగానే బొట్టు జరిపేసుకుంటదంట. నిజమేనమ్మా, జరిపేసుకుంటారు."

అన్నేళ్ళు నేను చివాట్లు పెడుతుంటే ఆయన వింటూ నిలబడ్డారు. నేను పెట్టిన ఫిర్యాదు కాగితాలు మోశారు. పనితనమే పరువుగా బతికిన మనిషి, చేతకానివాడన్న మాట పడ్డారు. "ముందే చెప్పొచ్చుగా బాబాయ్" అన్నాను. 

"చెప్తే నీకెందుకు, గడ్డాలు చూసుకో అనేవోరు కదండి" అన్నారు. అనేదాన్నే. అందులో అబద్ధం లేదు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేసి, కత్తెర అడ్డం పెట్టి నవ్వేశారు.

తర్వాత కుడి పక్క సరిచెయ్యడానికి కత్తెర ఎత్తారు. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీవయ్యా. ఇలాగే ఉండనీ."

తొమ్మిదో రోజున నాన్న నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. బాబాయ్ ఆ తర్వాత కూడా చాలా మీసాలు పాడుచేశారు. నేనెప్పుడూ మళ్ళీ ఆ పనితనం మీద నోరెత్తలేదు. ఒక రోజు ఇంట్లో నిద్రలోనే పోయారని కబురొస్తే, నాన్న మొదటి బస్సుకి వచ్చారు. బాబాయ్ భార్య ఆ అద్దం నా చేతిలో పెట్టింది. ఇప్పుడు మా అమ్మాయిలకి నేనే నేర్పుతాను. బొట్టు పక్కకి పెట్టడం తొందరగానే వస్తుంది. మీసం వంకరగా కత్తిరించడమే ఎంతకీ రాదు.

నాన్నకి ఇప్పుడు డెబ్బై నాలుగు. చెరువు పనులు ఆయనే చూసుకుంటారు. మీసం ఎడమ పక్క ఇప్పటికీ సగం వేలి మందాన పొట్టి. ఊళ్ళో క్షవరం చేసే కుర్రాడు సరిచెయ్యబోతే తిట్టి పంపారు. మొన్న ఏటేటా చేసే చెకప్‌కి వచ్చినప్పుడు పెద్ద డాక్టరు గారు రిపోర్టులన్నీ చూసి, అన్నీ బాగున్నాయని కాగితాలు పక్కన పెట్టి, నాన్న మొహం కేసి పరీక్షగా చూశారు. ఈ వంకర మీసం కథ ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఏంటండీ, మీసం ఎడమ పక్కన కాస్త తగ్గినట్టుంది?"

నాన్న కుర్చీలోంచి లేచి, మీసం మీద చెయ్యి వేసి, ఓపీలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వారు.

"కనిపెట్టేశారా డాక్టరు గారు! అయితే మీకేం ఫర్వాలేదండి. మతి దివ్యంగా ఉంది!"